చేతిపనుల చుట్టరికము

హైదరాబాదు శిల్పారామములోగాని, లేపాక్షి విక్రయశాలలోగాని ఒక గడియసేపు తిరిగినవారికి, వస్తువును కొనవలెనన్న కోరికకంటె బలీయమైన వేరొక కోరిక కలుగుట కద్దు. అది, ఈ పనిని నా చేతితో నేను చేయగలుగుదునా యన్న కోరిక. కొండపల్లి బొమ్మ యెదుట నిలిచినపుడు కర్ర చెక్కవలె ననిపించును. నాలుగడుగులు నడచి కలంకారీ వస్త్రము ముందు నిలిచినంతనే కలము పట్టవలె ననిపించును. నరసాపురపు లేసును వ్రేళ్లతో తాకినంత మాత్రమున దారపుటుండ వెదుక బుద్ధి పుట్టును. ఉద్యోగము, ఇంటిపని, పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యము, వీని నడుమ దినమునకు అరగంట తీరిక దొరకుటయే దుర్లభమైన వ్యక్తికి ఇన్ని కోరికలు ఒక్కమారుగా కలుగుట మంచిది కాదనియు, ఒకదానియందు ఆరితేరిన పిమ్మటనే రెండవదానిని తాకవలెననియు హితవు చెప్పువారు పలువురు. రెండు పడవలమీద కాళ్లు మోపరాదన్న లోకోక్తి జీవనాధారమైన వృత్తికి వర్తించునేమో కాని, మనసు కోరి చేపట్టిన హస్తకళకు వర్తింపదని నా దృఢాభిప్రాయము. అయితే ఏ పనిని ఏ పనితో కలిపి నేర్చుకొనదగునో తెలిసి పట్టవలెను. చేతిపనులలో చుట్టరికము లున్నవి; ఆ చుట్టరికము నెరిగి రెండు మూడింటిని ఒక్కమారు పట్టినవానికి, వేర్వేరుగా పట్టినవానికంటె కాలము తక్కువ పట్టుటయేగాక, పని లోతు కూడ ఎక్కువగా తెలియవచ్చును.

పలు విద్యలను ఏకకాలమున అభ్యసించుట నేటి తొందరపాటు కాదు. వాత్స్యాయనుడు కామసూత్రములందు అరువదినాలుగు కళల పట్టికను ఇచ్చునపుడు, గీత నృత్యముల సరసనే సూదిపనిని, మాలలు గ్రుచ్చుటను, బియ్యముతోను పువ్వులతోను రచనలు తీర్చుటను, బెత్తపు అల్లికను, వడ్రంగమును చేర్చెను. ఇంతకంటె సమీపకాలపు దృష్టాంతము కావలెనన్నచో ఇంగ్లాండుకు చెందిన విలియం మోరిస్ జీవితమును చూడవచ్చును. 1834లో జన్మించి 1896లో గతించిన ఈ మహాశయుడు కవి. వ్యాపార సంస్థను నడపినవాడు. కడపటి సంవత్సరములలో రాజకీయోద్యమమున తలమునకలైనవాడు. ఇన్ని వ్యాపకముల నడుమ ఆయన తానుగా సూది పట్టి కుట్టుపని నేర్చెను. మార్కెట్టులోని రసాయనిక వర్ణముల వెలవెలపాటు నచ్చక, 1875 మొదలు లీక్ పట్టణములోని థామస్ వార్డిల్ అద్దకశాలలో తొట్ల యొద్ద నిలిచి, నీలిమందు మొదలగు ఓషధీవర్ణములతో ప్రయోగములు చేసెను. 1879లో తన పడకగదిలోనే మగ్గము నిలిపి చిత్రకంబళపు నేతకు పూనుకొనెను. 1891లో ముద్రణాలయమును స్థాపించి అక్షరముల రూపమును తానే తీర్చెను. వీనిలో ఏదియు తక్కిన వానినుండి తెగిపోయినది కాదు. కుట్టుటకు మంచి రంగుదారము కావలసివచ్చినందుననే అద్దకము నేర్వవలసివచ్చెను. అద్దకము తెలిసినందుననే నేతలో వర్ణసంయోజనము సుసాధ్యమయ్యెను. ఒక పనిలో తల యెత్తిన ప్రశ్నకు మరియొక పనిలో సమాధానము దొరకుట, ఇదియే నేను చెప్పు చుట్టరికము.

మన తెలుగునాట ఇట్టి చుట్టరికములు కొల్లలు. చింతచెట్టునే చూడుడు. విజయవాడ చేరువనున్న కొండపల్లిలో తెల్లపొణికి యను తేలికైన మెత్తని కర్రతో బొమ్మలు చేయువారు, అవయవములను వేర్వేరుగా చెక్కి, వానిని అతుకుటకు చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కును వాడుదురు. ఎగుడుదిగుళ్లను పూడ్చి బొమ్మకు నునుపైన ఆకారమిచ్చునదియు ఈ మక్కే. చేర్యాలలో కథాపటములు వ్రాయు నకాశీ చిత్రకారులు, ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పలుమారులు పూత పూసి, అది ఆరిన పిమ్మటనే కుంచె పట్టుదురు. వారు చేయు ముఖములకు కొబ్బరిచిప్పపై ముక్కు చెక్కిళ్లు తీర్చునదియు చింతగింజల ముద్దయే. ఇక శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు గుడ్డపై తొలిరేఖలు గీయునది కాల్చిన చింతపుల్లల బొగ్గుతో. మూడు ఊళ్లు, మూడు కళలు, ఒక్క చెట్టు! చింతపండు తీసిన పిమ్మట పారవేయు గింజలు దోసెడు దాచిన గృహస్థునకు, రెండు కళల ముడిసరుకు వంటింటిలోనే సిద్ధమైనట్లు.

ఆ గింజలను వేయించి, పైపొట్టు ఊడదీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీటిలో కలిపి సన్నని సెగపై చిక్కబడువరకు కాచవలెను. దానిలో సగము తీసి మెత్తని రంపపుపొట్టు చేర్చి పిసికిన, చపాతీ పిండివలె ముద్దయగును. కొబ్బరిచిప్ప వెలుపలి ప్రక్క ఆ ముద్దతో కనుబొమలు, ముక్కు, పెదవులు తీర్చి నీడపట్టున ఉంచినచో నెమ్మదిగా ఆరును. మిగిలిన సగమును పలుచన చేసి సుద్దపొడి కలిపి జానెడు ఖాదీ ముక్కకు పూసిన, ముఖము ఆరులోపల చిత్రమునకు పటము సిద్ధమగును. ఈ అంబలి నిలువ యుండునది కాదు. త్వరలోనే పులిసి వాసన కొట్టును. కావున ఒకే కళకై కాచినవాడు సగము పారబోయవలసి యుండగా, రెండు కళలకై కాచినవానికి వ్యర్థము లేదు. అంతకంటె ముఖ్యమైన లాభము వేరొకటి కలదు: చిప్పపై ముక్కును ముద్దతో నిలబెట్టిన వ్రేళ్లకు, పటముపై ముక్కును రేఖతో చూపుట యెట్లో తెలియును. ఉబ్బెత్తును తాకి తెలిసికొన్న కన్ను చదునైన గుడ్డపై తడబడదు.

ఇట్టిదే మరియొక కుటుంబము కొక్కెపు సూదిది. నేడు ఊరూర రవికెలపై కుట్టు మగ్గం వర్కులో, చట్రమున బిగించిన గుడ్డ పైనుండి ఆరీ సూదిని దింపి, అడుగున నున్న దారమును కొక్కెముతో అందుకొని పైకి లాగి, ఆ ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును తీయుదురు; వరుసగా తీసిన ఉచ్చులు గొలుసుకుట్టగును. గుడ్డను తొలగించి ఇదే చలనమును గాలిలో చేసినచో అది క్రోషే అల్లిక. ఐరోపాలో క్రోషే అల్లిక పుట్టుటకు, తూర్పుదేశములనుండి అచటికి చేరిన ఈ చట్రపు కొక్కెపు కుట్టే మూలమని కొందరు చరిత్రకారుల మతము. మూలమేదైనను, రెండింటి చలనమును ప్రక్కప్రక్కన చేసి చూచినవారికి బంధుత్వము చేతికే తెలియును. క్రోషేలో దారపు బిగువును ఎడమచేతి వ్రేళ్లతో సమముగా నుంచుట అలవడినవారికి, మగ్గము క్రింద కనబడకుండ దారము నందించు ఎడమచేయి అంతగా మొరాయింపదు. తీరిక లేనివారికి క్రోషే చేయు మేలు ఇంకొకటి యున్నది. జత సూదులతో అల్లు స్వెట్టరులో ఒక వరుసయందలి ఉచ్చులన్నియు సూదిపైననే నిలిచి యుండును. ఒకటి జారిన క్రిందికంతయు ఊడిపోవును. క్రోషేలో ఏ క్షణమందైనను తెరచియున్న ఉచ్చు సాధారణముగా ఒక్కటియే. బస్సు దిగవలసివచ్చినను, పొయ్యిమీద పాలు పొంగినను ఆ యొక్క ఉచ్చును కొంచెము పెద్దది చేసి విడిచి లేవవచ్చును. మధ్యలో మాటిమాటికి లేవవలసిన బ్రదుకునకు ఇంతకంటె అనుకూలమైన చేతిపని నాకు కనబడలేదు.

చేతిపనులకు కావలసిన కాలము అన్నింట ఒకే రీతిగా ఉండదు. తీరికలేనివాడు మొదట గ్రహింపవలసినది దీనినే. కొన్ని పనులు ఎడతెగని ఏకాగ్రతను కోరును. ఉలి చేతనున్నపుడు చూపు మరలరాదు. కొన్ని పనులు ముక్కలు ముక్కలుగా సాగును. పైన చెప్పిన క్రోషే లేసు అట్టిది. మరికొన్నింటిలో మనము చేయు పని స్వల్పము, కాలము చేయు పని మిక్కుటము. సహజవర్ణముల అద్దకము ఈ తెగకు చెందినది. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను శుభ్రముగా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి, పిండి, ఎండబెట్టుదురు. కరక్కాయలోని వగరుద్రవ్యము దారమును పట్టుకొనును. పాలలోని కొవ్వు, రంగు అటునిటు ప్రాకకుండ అడ్డుకొనును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో రెండు మూడు వారములు పులియబెట్టగా వచ్చిన కసిమిని కలముతో ఆ గుడ్డపై గీసినంతనే, వెలవెలబోవు ఆ ద్రవము వగరుతో కలిసి కన్నులయెదుటనే నల్లని రేఖయగును. ఎరుపు కావలసినచోట పటికనీటిని పూసి, ఆరనిచ్చి, పారు నీటిలో ఉతికి, పిదప మంజిష్ఠ మొదలగు ఎర్రరంగు వేళ్ల కషాయములో ఉడికించినపుడు, పటిక సోకినచోటనే ఎరుపు గాఢముగా నిలుచును. తక్కినచోట అంటిన మరకను ఎండయు నీరును తొలగించును. కుంచెతో పూసిన రంగుగాక, గుడ్డలోననే పుట్టిన రంగు కనుక అది ఉతుకులకు వెరవదు. అద్దకపు పాత్రను మాత్రము మరల వంటకు వాడరాదు.

ఈ విధానములో మనిషి చేయి ఆడు ఘడియలు కొన్నియే. నానుట, పులియుట, ఆరుట అన్నియు తమంత తామే జరుగును. కసిమి పులియుచున్న వారములలో లేసు అల్లవచ్చును. పటిక ఆరుచున్న సాయంకాలమున ముఖమునకు ముక్కు తీర్చవచ్చును. కావున నా సలహా యిది: ఒక్కొక్క తెగనుండి ఒక్కటి చొప్పున మూడింటిని ఎన్నుకొనుడు. ఏకాగ్రతను కోరు పనులనే మూడింటిని పెట్టుకొన్నవారు ఆదివారములు చాలక మూడింటిని విడిచిపెట్టుదురు. మూడింటిని మించి పట్టుట నాకు సమ్మతము కాదు. అప్పుడు చేతిలోని పనికంటె అలమరలోని సామగ్రియే యెక్కువగును.

పలు అభ్యాసములను కలగలుపుటవలన నేర్పు చెడునను భయమునకు శాస్త్రజ్ఞులు కొంతవరకు సమాధానము చెప్పియున్నారు. 1979లో అమెరికాలో షే, మోర్గన్ అను ఇరువురు పరిశోధకులు, చేతికదలికలు కొన్నింటిని ఒక జట్టుచేత ఒకదాని పిమ్మట ఒకటిగాను, మరియొక జట్టుచేత కలగాపులగముగాను అభ్యాసము చేయించి చూచిరి. అభ్యాసము జరుగునపుడు రెండవ జట్టు వెనుకబడినది. కొన్ని దినముల పిదప పరీక్షింపగా, నేర్చినది ఎక్కువగా నిలిచినది రెండవ జట్టువారిలోనే. అది పరస్పరము పోలిన కదలికల విషయమునకు సంబంధించిన ప్రయోగము. కలంకారీకి లేసునకు దానిని ఉన్నదున్నట్లు అన్వయింపలేము. కాని గొలుసుకుట్టు, క్రోషే వంటి సోదరకళలను నేడొకటి రేపొకటిగా త్రిప్పి చేయువారు, ఆరంభమునందలి తడబాటును చూచి నిరాశ చెందవలదని చెప్పుటకు అది చాలును.

అయితే కొన్ని కళలు ఇంట పట్టునవి కావు. ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణిపై త్రిప్పుచు లక్కను ఆనించి, రాపిడి వేడికి కరగిన లక్కను బొమ్మకు పట్టించు నేర్పును దగ్గర కూర్చుండి చూడవలెను; తగిన యంత్రము, గురువు లేనిదే చేపట్టరాదు. కరగిన యశదముతో పోత పోయు బిద్రీ విషయమును ఇట్టిదే.

ఇంట పట్టు లేసునకును మరియొక ముఖము కలదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక వేలాది గోదావరి స్త్రీలకు జీవనాధారమైనది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ స్త్రీలను గూర్చి జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథము, చేతిపనిని ప్రేమించు ప్రతివారును తెలిసికొనదగిన యొక సత్యమును బయటపెట్టినది. ఇంటనుండు ఆడువారు తీరికవేళ చేసికొను వినోదముగా వారి శ్రమను లెక్కించుటవలననే, విదేశములకు ఎగుమతియగు సరుకు అల్లినవారికి కూలి అత్యల్పముగా దక్కెనని ఆమె నిరూపించినది. మనకు వినోదమైనది వారికి కూడు. మనము అల్లుట చూచి, ఇది తీరిక వేళల పనియే గదా యని తలచువారికి ఆ భేదమును చెప్పవలసిన బాధ్యత, రుచి చూచిన మనపైననే ఎక్కువగా నున్నది. ఒక్క లేసుపువ్వునకు ఎన్ని ఉచ్చులు పట్టునో, ఒక్క నల్లరేఖకు ముందు ఎన్ని దినములు కసిమి పులియవలెనో మూడు కళలను తాకిన చేతికి తెలిసినట్లు బొమ్మలను కొని అలంకరించుకొను కంటికి తెలియదు. కనుక పాఠకులారా, ఈ సంక్రాంతికి చింతగింజలు దాచుడు, ఒక కొక్కెపు సూదిని కొనుడు, పావుకిలో కరక్కాయలు తెప్పించుడు. తరువాత ఏ కొండపల్లికో కాళహస్తికో నరసాపురమునకో పోయినపుడు, పనివారు చెప్పిన వెలను బేరమాడక చెల్లింపుడు.