ముందు మంజూరు, తరువాత పునాది



మల్బరీ సాగులోనూ, పురుగుల మేపులోనూ రాజపాళయం ప్రాంత రైతులకు కొత్తగా నేర్పవలసింది తక్కువ. మూడడుగులకు మూడడుగుల చొప్పున నాటితే ఎకరాకు 4,840 మొక్కలు పడతాయనీ, జంట సాళ్లలో ఐదు, మూడు అడుగుల ఎడం ఇచ్చి మొక్కకు మొక్కకు రెండడుగులు ఉంచితే 5,445 పడతాయనీ చాలామందికి నోటికి వచ్చు. చిక్కు వచ్చేది తోటలో కాదు, కాగితాల్లో. తోట పచ్చగా ఉండి, షెడ్డు పూర్తయి, పట్టుగూళ్లు అమ్ముడుపోయిన తరువాత కూడా రాయితీ సొమ్ము చేతికి రాని రైతులు ఉన్నారు. వారిలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఒక్కటే. పని సక్రమంగానే చేశారు, వరుస తప్పి చేశారు.

ప్రభుత్వ సహాయం ఏ లెక్కన వస్తుందో ముందుగా తెలుసుకోవాలి. కేంద్ర పట్టు మండలి ద్వారా అమలైన సిల్క్ సమగ్ర-2 పథకం 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్ల కాలానికి నిర్ణయించినది. మన రాష్ట్రం వంటి చోట్ల సాధారణ వర్గం రైతుకు అందులో కేంద్రం వాటా 50 శాతం, రాష్ట్రం వాటా 25, రైతు వాటా 25. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి కేంద్రం వాటా 65, రాష్ట్రం వాటా 25, రైతు వాటా 10. ఈ శాతాలను మీరు పెట్టిన ఖర్చు మీద లెక్కకట్టరు, ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ఖర్చు మీద కడతారు. లెక్క కోసం ఒక షెడ్డు యూనిట్ ఖర్చు లక్ష రూపాయలు అనుకుందాం. సాధారణ వర్గం రైతుకు వచ్చేది 75 వేలు. ఆయన లక్షా నలభై వేలు పెట్టి కట్టుకున్నా వచ్చేది ఆ 75 వేలే. మిగతా 65 వేలు ఆయన చేతి నుంచే పోవాలి. కొలతలు తగ్గించి చిన్న షెడ్డు కడితే మాత్రం సహాయం కూడా తగ్గుతుంది. పథకం కాలం మారినప్పుడల్లా యూనిట్ ఖర్చులు, షరతులు మారుతుంటాయి. కనుక పక్క రైతుకు మూడేళ్ల కిందట వచ్చిన మొత్తాన్ని నమ్ముకుని అప్పు చేయవద్దు. ఈ సంవత్సరపు మార్గదర్శకాలు ఏమిటో సాంకేతిక సేవా కేంద్రంలో అడిగి, అంకెలు రాసుకుని ఇంటికి రండి.

ఇక వరుస సంగతి. దరఖాస్తు ఇవ్వడం, అధికారి స్థలం చూడడం, మంజూరు కావడం, పని చేయడం, కొలతలు తీయడం, బ్యాంకు ఖాతాలో సొమ్ము పడడం – సాధారణంగా ఇదీ క్రమం. షెడ్డుకు అర్హత రావాలంటే ముందు తోట ఉండాలి. మంచి ముహూర్తం దొరికిందనో, మేస్త్రీ మళ్లీ దొరకడనో మంజూరుకు ముందే పునాది తవ్విన రైతు తన కేసును తానే బలహీనపరచుకుంటున్నాడు. అధికారి మొండితనం వల్ల ఇలా అంటున్నామని అనుకోవద్దు. ఆయన సంతకం చేసిన ప్రతి బిల్లునూ తరువాత ఆడిట్ వారు తిరగేస్తారు. మంజూరు తేదీ కన్నా సిమెంటు బిల్లు తేదీ ముందుంటే, అది పాత షెడ్డు కాదని రుజువేమిటని అడుగుతారు. అప్పుడు జవాబు చెప్పవలసింది ఆ అధికారే. అందుకే ఖాళీ స్థలం ఫొటో, పునాది ఫొటో, పూర్తయిన షెడ్డు ఫొటో అంటూ మిమ్మల్ని విసిగిస్తారు. రైతుకు చాదస్తంగా కనిపించే ఆ ఫొటోలే ఆఖరున రైతు పక్షాన సాక్ష్యం చెబుతాయి.

తేదీల్లో ఇంకొక మెలిక ఉంది. రెవెన్యూ వారి ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. నిధుల సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. అడంగల్‌లో పంట నమోదు మొదటి లెక్క ప్రకారం, రాయితీ సొమ్ము రెండో లెక్క ప్రకారం నడుస్తాయి. మీరు మల్బరీ నాటినా గ్రామ పరిపాలనాధికారి, అంటే వి.ఏ.ఓ., అడంగల్‌లో పాత పంటే ఉంచితే మీ దరఖాస్తు అక్కడే ఆగుతుంది. నాటిన వెంటనే ఆయనను పొలానికి పిలిచి పంట మార్పు నమోదు చేయించుకోండి. ఫిబ్రవరి, మార్చి వరకు ఆగితే ఆ ఏటి నిధులు ముగిసే ప్రమాదం ఉంది.

పేరు ఒక్కటేనా?

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇది. ఇంట్లో మనం రాజు అంటాం, కాగితాల్లో రాజా అని రాస్తాం. ఈ ఊరివారైన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినవారు, వారి పేరు కూడా రికార్డుల్లో రాజా అనే ఉంది. పెద్దవారికి అది ఇబ్బంది కాలేదు, మనకు అవుతున్నది. పట్టాలో రాజు, ఆధార్‌లో రాజా, బ్యాంకు పుస్తకంలో తండ్రి పేరు పొడి అక్షరం మాత్రమే. దీనికి తోడు తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. గోవిందరాజు తమిళంలోకి పోయి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి కోవిందరాజా అయి కూర్చుంటాడు. కంప్యూటరుకు వీరిద్దరూ వేరు వేరు మనుషులు.

దరఖాస్తుకు ముందే పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఏది సవరించాలో తొందరపడి తేల్చుకోవద్దు. ఆధార్‌లో పేరు మార్పునకు జీవితకాలంలో రెండుసార్లే అవకాశం ఉంది. పిల్లల సర్టిఫికెట్లు, ఓటరు కార్డు, ఎక్కువ పత్రాలు ఏ పేరుతో ఉన్నాయో చూసి, తక్కిన ఒకటి రెండింటిని దానికి సరిపెట్టుకోవడం తేలిక.

పట్టాలోనే తప్పుంటే అది పాత కథ కావచ్చు. తమిళనాడులో 1979 నుంచి 1987 వరకు యు.డి.ఆర్. అనే పేరుతో భూమి రికార్డులను తిరగరాశారు. అప్పుడు దొర్లిన తప్పులు ఎన్నో గ్రామాల్లో ఇంకా సవరణకు నోచుకోలేదు. మీ తాతగారి దస్తావేజులో ఒక సర్వే నెంబరు, పట్టాలో మరొకటి ఉంటే దస్తావేజు నకలు జతచేసి రెవెన్యూ వారికి అర్జీ పెట్టాలి. తాలూకా కార్యాలయంలో ఏటా జరిగే జమాబంది దీనికి మంచి సమయం, గ్రామ లెక్కలన్నీ ఆ రోజు బల్ల మీదే ఉంటాయి.

అన్నదమ్ముల ఉమ్మడి పట్టా అయితే మిగిలిన వాటాదారుల సమ్మతి పత్రం అడుగుతారు. విడి పట్టా కావాలంటే ఇ-సేవ కేంద్రం ద్వారా దరఖాస్తు చేయాలి. సర్వేయరు వచ్చి హద్దు కొలవాలి కనుక ఆలస్యమవుతుంది. పట్టాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం కావాలి. నాటే కాలానికి ముందే ఈ పనులు మొదలుపెట్టండి. ఆడపడుచుల సంతకం తరువాత చూసుకోవచ్చులే అనుకున్న ఇళ్లలోనే ఎక్కువ ఆలస్యం జరుగుతున్నది.

అర్జీ ఏ భాషలో?

తమిళం మాట్లాడగలిగినా రాయలేని పెద్దలు మనలో ఉన్నారు. వారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. తెలుగులో రాసిన అర్జీని భాష కారణంగా తోసిపుచ్చరాదు. హక్కు అలా ఉన్నా, అర్జీ చదివి ఉత్తర్వు రాసేవారికి తెలుగు రాకపోతే అది అనువాదం కోసం బల్ల మీద పడి ఉంటుంది. అందుకని తెలుగు అర్జీకి తమిళ ప్రతిని జతచేయడం మా సలహా.

సమాచార హక్కు దరఖాస్తు సంగతి వేరు. 2005 నాటి ఆ చట్టం కింద దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. మనకు అది తమిళం. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. “నా దరఖాస్తు ఇప్పుడు ఏ అధికారి వద్ద, ఏ తేదీ నుంచి ఉంది?” అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. “ఎందుకు ఇవ్వలేదు?” అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపే వీలుంది. జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

అంతవరకు వెళ్లకముందు చేయగలిగిన పని రసీదు తీసుకోవడం. తేదీ, ముద్ర ఉన్న రసీదు లేకుండా ఏ కాగితమూ ఇచ్చి రావద్దు. అర్జీ అందినట్లు మూడు రోజుల్లో తెలపాలనీ, నెల రోజుల్లో పరిష్కరించాలనీ తమిళనాడు ప్రభుత్వం 2015లో 99వ నెంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెల ఏ రోజు మొదలైందో చూపగలిగేది రసీదే. విరుదునగర్ కలెక్టరు కార్యాలయంలో సోమవారం జరిగే ప్రజా విన్నపాల దినానికైనా, నెలనెలా జరిగే రైతుల సమావేశానికైనా దాని నకలు తీసుకెళ్లండి.

తనిఖీ రోజున పొలంలో మీరు తప్పక ఉండండి. అసలు పట్టా, అడంగల్, ఆధార్, బ్యాంకు పుస్తకం, మొక్కలు కొన్న రసీదు, మంజూరు ఉత్తర్వు దగ్గర ఉంచుకోండి. అధికారి మొక్కలు లెక్కించి రాసుకున్న అంకెను మీ పుస్తకంలో కూడా ఆ రోజే రాసుకోండి.