911కి ఫోన్ ఉచితమే, బిల్లు బండికి

అమెరికాలో 911కి ఫోన్ చేసినందుకు డబ్బు తీసుకోరు. ఆ కేంద్రాల ఖర్చులో కొంత నెలనెలా ఫోన్ బిల్లులోనే చిన్న రుసుముగా పోతుంటుంది. అసలు బిల్లు ఇంటి ముందుకు బండి వచ్చాక పుడుతుంది. దేశమంతటికీ ఒకే ధర లేదు. ఊరిని బట్టి, కౌంటీని బట్టి, అంబులెన్సు సంస్థను బట్టి మారుతుంది.

కాలిఫోర్నియాలోని ట్రేసీ నగరం 2010లో, వైద్య సహాయానికి అగ్నిమాపక సిబ్బంది వస్తే స్థానికులకు 300 డాలర్లు, బయటివారికి 400 డాలర్లు రుసుము పెట్టింది. ఏడాదికి 48 డాలర్ల చందా కట్టిన ఇంటికి మాత్రం మినహాయింపు. అదే ఏడాది టెనెసీలోని ఒబయన్ కౌంటీలో 75 డాలర్ల వార్షిక రుసుము కట్టని ఇల్లు కాలిపోతుంటే, సౌత్ ఫుల్టన్ అగ్నిమాపక దళం రుసుము కట్టిన పొరుగువారి పొలానికి మంట అంటకుండా చూసిందే తప్ప ఇంటి జోలికి పోలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై ఎన్నో రాష్ట్రాలకు దారి చూపిన 108 అంబులెన్సు సేవకు అలవాటుపడి, అమెరికాలోని పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు ఈ లెక్కలు మింగుడుపడవు. పైసా అడగని ఆ సేవను మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

బీమా ఉన్నా, చిక్కంతా దాని నెట్‌వర్కులో ఉంది. ఏ అంబులెన్సు రావాలో రోగి ఎంచుకోలేడు. ఆసుపత్రి నెట్‌వర్కులోనే ఉన్నా బండి బయటిది కావచ్చు. అప్పుడు బీమా సంస్థ తన లెక్క ప్రకారం కొంత చెల్లిస్తుంది, మిగతాది ఇంటికి బిల్లుగా వస్తుంది. 2022 జనవరి 1 నుంచి అమలైన నో సర్‌ప్రైజెస్ చట్టం అత్యవసర చికిత్సలోనూ ఎయిర్ అంబులెన్సులోనూ ఇలాంటి బిల్లులను ఆపింది. రోడ్డు అంబులెన్సును వదిలేసింది. హెలికాప్టరుకు ఉన్న రక్షణ వీధిలోకి వచ్చే బండికి లేదు!

కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో ఈ లోటు పూడ్చాయి. అక్కడా ఒక మెలిక ఉంది. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్య ఖర్చు తామే భరిస్తూ, బీమా సంస్థకు క్లెయిముల పని మాత్రమే అప్పగిస్తాయి. ఈ సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు కేంద్ర చట్టం కిందివి కాబట్టి రాష్ట్ర రక్షణ సాధారణంగా వర్తించదు. కార్డు మీద బీమా సంస్థ పేరే ఉంటుంది గనుక చూసి పోల్చుకోవడం కష్టం, హెచ్.ఆర్.ను అడిగి తెలుసుకోవలసిందే. తల్లిదండ్రుల కోసం కొనే విజిటర్ ఇన్సూరెన్సు సంగతి ఇంకా సున్నితం. నో సర్‌ప్రైజెస్ చట్టం దానికి వర్తించదు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకమైతే అంబులెన్సుకు రాసి ఉన్న మొత్తమే ఇస్తుంది, మిగిలింది పిల్లలే కట్టాలి.

ఇవన్నీ ముందే చూసిపెట్టుకోవలసినవి. ఛాతీలో నొప్పో, మూతి వంకర పోవడమో కనిపించినప్పుడు లెక్కలు వేయకూడదు. చికిత్స బండిలోనే మొదలవుతుంది. ఇంట్లో మనవడికి తెలుగు వస్తే, తాతయ్య చెప్పే గుండెదడ, కళ్ళు తిరగడం సిబ్బందికి వెంటనే అందుతాయి. ఆదివారం తెలుగు బడికి ఈ ప్రయోజనమూ ఉంది.

బిల్లు వస్తే కట్టేముందు వివరాల పట్టీ అడగాలి. అందులో బేసిక్ లేదా అడ్వాన్స్‌డ్ సేవకు మూల ధర, రోగిని ఎక్కించుకుని నడిచిన మైళ్ళకు విడిగా ధర ఉంటాయి. వైద్యపరంగా అవసరం లేదంటూ బీమా తిరస్కరిస్తే డాక్టరు రాతలు జోడించి అప్పీలు చేయవచ్చు. అది తేలేవరకు ఖాతాను వసూలు ఏజెన్సీకి పంపవద్దని అంబులెన్సు సంస్థను రాతపూర్వకంగా కోరడం మంచిది. ఆదాయం తక్కువైనవారికి కొన్ని సంస్థలు తగ్గింపు, వాయిదాలు ఇస్తాయి గానీ, అడిగితేనే.