కాన్వాయ్‌లో చివరి ఓడ

మంత్రులు ప్రయాణించేటప్పుడు ముందూ వెనకా సాగే కార్ల వరుసను మనం కాన్వాయ్ అంటున్నాం. రెండో ప్రపంచయుద్ధకాలంలో సముద్రం మీద ఆ మాటకు అర్థం వేరు. తిండిగింజలు, పెట్రోలు, ఇనుము, మందుగుండు మోసే సరుకు ఓడలు ముప్పై నలభై ఒకచోట చేరి, చుట్టూ నాలుగైదు యుద్ధనౌకల కాపలాతో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటేవి. అదే కాన్వాయ్. బ్రిటన్ ద్వీపం. అక్కడివారి ఆహారంలో చాలా భాగం, పెట్రోలు దాదాపు మొత్తం ఓడల మీదే రావాలి. ఆ ఓడలను ముంచితే బ్రిటన్ దానంతటదే లొంగుతుందని జర్మనీ లెక్క. ఆ పనికి వాళ్లు నియోగించినవే యూబోట్లు అనే జలాంతర్గాములు. 1939 సెప్టెంబరులో మొదలైన ఈ పోరు 1945 మే దాకా ఆగలేదు.

ఇది తెల్లవాళ్ల యుద్ధం కదా, మనకేమిటి అనిపించవచ్చు. కానీ బ్రిటిష్ సరుకు ఓడల మీద పనిచేసినవారిలో సుమారు నాలుగోవంతు భారతీయులే. వాళ్లను లస్కర్లు అనేవారు. లష్కర్ అనే పారశీక పదం నుంచి వచ్చిన ఈ మాట మనకు కొత్త కాదు. మన నీటిపారుదల శాఖలో కాలువల కాపలాదారును నేటికీ లస్కరు అనే పిలుస్తాం. గోదావరి పడవ నడిపే సరంగు పేరే ఆ ఓడల్లో లస్కర్ల పెద్దకూ ఉండేది. సిల్హెట్, నోవాఖాలీ, చిట్టగాంగ్, పంజాబు, కొంకణ తీరం, గోవా ప్రాంతాల నుంచి వీళ్లు వచ్చేవారు. ఇంజను గదుల్లో, బాయిలర్ల దగ్గర పనిచేసినవారిలో ఎక్కువమంది ముస్లింలు. టార్పెడో ఓడ మధ్యభాగానికి తగిలితే ముందుగా నీళ్లు దూకేది అక్కడికే. అదే ఓడలో అదే పని చేసే తెల్ల నావికుడి జీతంలో వీళ్లకు మూడోవంతు కూడా దక్కేది కాదు. 1939లో ఈ అన్యాయం మీద సమ్మె చేసి, ఎందరో జైలు పాలయ్యారు.

ఓడలన్నీ గుంపుగా వెళ్తే శత్రువుకు మరీ తేలిక కాదా అన్న సందేహం సహజం. నిజం అందుకు విరుద్ధం. మహాసముద్రంలో నలభై ఓడలు విడివిడిగా వెళ్తే శత్రువుకు నలభై చోట్ల కంటపడే అవకాశం ఉంది. గుంపుగా వెళ్తే ఒక్కచోటే. తప్పించుకుంటే అన్నీ తప్పించుకుంటాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ బృందం ఇంకో సంగతి తేల్చింది. నాలుగింతల పొలానికి నాలుగింతల కంచె అక్కర్లేదు, రెండింతలు చాలు. అలాగే ఓడల గుంపు పెరిగినంతగా దాని చుట్టుకొలత పెరగదు కాబట్టి, తక్కువ కాపలాతో ఎక్కువ ఓడలను కాయవచ్చు. లెక్కలు తీస్తే సగటున 32 ఓడలున్న కాన్వాయ్‌లు నూటికి 2.5 ఓడలు పోగొట్టుకోగా, 54 ఓడలున్నవి 1.1 మాత్రమే పోగొట్టుకున్నాయి.

అయినా యూబోట్లు దారి కనిపెట్టాయి. నీటి అడుగున అవి బ్యాటరీ మీద నడుస్తాయి, వేగం తక్కువ. నీటిపైన డీజిల్ ఇంజను మీద 17 నాట్ల వేగం, అంటే గంటకు 31 కిలోమీటర్లు. నిదానంగా నడిచే కాన్వాయ్‌ల వేగం 7 నాట్లే. అందుకని పగలు దూరం నుంచే వెంటాడి, రేడియోలో తోటి యూబోట్లను పిలిచి, చీకటి పడ్డాక నీటి మీదికి తేలి అన్నీ కలిసి ఓడల మధ్యకే చొరబడేవి. నీటి అడుగున ఉన్నవాటిని శబ్దంతో పసిగట్టే పరికరం కాపలా నౌకల్లో ఉండేది కానీ, పైకి తేలినవాటి విషయంలో అది దాదాపు నిరుపయోగం. 1940 అక్టోబరులో ఎస్‌సీ 7 అనే కాన్వాయ్‌లో 35 ఓడలు బయలుదేరితే, 20 మునిగిపోయాయి.

ఇలాంటి రాత్రుల్లో కాన్వాయ్ ఓడలకు ఒక కఠినమైన నియమం ఉండేది. పక్క ఓడ మునుగుతున్నా ఆగకూడదు. ఆగిన ఓడ కదలని గురి అవుతుంది, వరుస చెదురుతుంది, ఇంకో ఓడ పోతుంది. నీళ్లలో మనుషులు కేకలు వేస్తుండగా కెప్టెన్లు ముందుకే సాగిపోవాల్సి వచ్చేది. వాళ్లలో దయ లేక కాదు. అందరి క్షేమం కోసం పెట్టుకున్న నియమమే పడిపోయినవాడిని వెనక వదిలేసింది. ఉత్తర అట్లాంటిక్ చన్నీళ్లలో మనిషి గంటసేపు బతకడమే కష్టం.

ఆ వదిలేయడం ఎంత దారుణమో సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడ చెబుతుంది. బొంబాయి ప్రయాణాల కోసం కట్టిన ఈ ఓడ 1940 సెప్టెంబరు 13న లివర్‌పూల్ నుంచి కెనడాకు బయలుదేరింది. బాంబు దాడుల నుంచి కాపాడదామని ప్రభుత్వం పంపిస్తున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. సిబ్బందిలో ఎక్కువమంది లస్కర్లు. 17వ తేదీన కాపలా నౌకలు వేరే కాన్వాయ్‌కి ఎదురెళ్లాయి. ఆ రాత్రే యూ-48 వదిలిన టార్పెడో తగిలి, అరగంటలో ఓడ మునిగింది. చుట్టూ ఉన్న ఓడలు నియమం ప్రకారం చెదిరిపోయాయి. హరికేన్ అనే యుద్ధనౌక సుమారు 300 మైళ్ల దూరం నుంచి మర్నాడు వచ్చేసరికి చలికి, అలలకు ఎందరో పోయారు. ఆ 90 మంది పిల్లల్లో 77 మంది మరణించారు. పలుచని బట్టలతో పడవల్లోకి దిగిన లస్కర్లు పెద్దసంఖ్యలో చనిపోయారు. 12వ నంబరు పడవ హరికేన్ కంటపడలేదు. అందులో 46 మంది ఉన్నారు. 30 మందికి పైగా లస్కర్లు, ఆరుగురు పిల్లలు. ఎనిమిది రోజులు సముద్రం మీద గడిపాక ఒక విమానం వాళ్లను చూసింది, ఆంథొనీ అనే యుద్ధనౌక వచ్చి ఎక్కించుకుంది.

వరుసలో చివరి ఓడే మునిగినవారిని ఎత్తుకోవాలని మొదట్లో చెప్పి చూశారు. సరుకు నిండిన పెద్ద ఓడకు అది అయ్యే పని కాదు. దాని అంచు ఎత్తు, తిప్పడం కష్టం, వైద్యుడు ఉండడు. అందుకని 1941 నుంచి ప్రత్యేకంగా రక్షణ ఓడలను పెట్టారు. తీరం వెంట ప్రయాణికులను తిప్పే చిన్న ఓడలివి. అంచు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మనుషులను పైకి లాగడం సులువు. ఎక్కడానికి పెద్ద వలలు, పొడి బట్టలు, పడకలు, వైద్యుడు, శస్త్రచికిత్స గది అన్నీ సమకూర్చి కాన్వాయ్ వెనక నడిపారు. ఆగడమే వీటి పని. ఆగితే తామే గురి అవుతామని తెలిసి కూడా ఆగేవి. ఈజిప్టు కంపెనీకి చెందిన జమాలెక్, జాఫరాన్ అనే రెండు ఓడలు ఈ పనిలో పేరు తెచ్చుకున్నాయి. 1942 జులైలో ఉత్తర ధ్రువ సముద్రంలో జాఫరాన్ బాంబు దాడికి మునిగితే, అందులోనివారిని జమాలెకే ఎక్కించుకుంది. యుద్ధం ముగిసేలోగా ముప్పై దాకా ఇలాంటి ఓడలు కలిసి నాలుగు వేల మందికి పైగా ప్రాణాలు నిలిపాయి.

1943 మార్చిలో రెండు కాన్వాయ్‌ల మీద యూబోట్లు ఒక్కసారిగా పడి 22 ఓడలను ముంచాయి. ఆ తర్వాతే పరిస్థితి మారింది. దూరం ఎగరగల విమానాలు, మెరుగైన రాడార్, శత్రువు రేడియో దిశను పట్టే పరికరాలు, రహస్య సంకేతాల ఛేదన అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. మే నెలలో 41 యూబోట్లు నాశనం కాగా, జర్మనీ వాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిచింది.

అప్పటికే ఎందరో లస్కర్లు సముద్రం పాలయ్యారు. యుద్ధం ముగిసేసరికి ఆరు వేలకు పైగా భారతీయ నావికులు పోయారు. సమాధి కూడా లేని ఆ నావికుల పేర్లు రాసిన స్మారక గ్రంథాలను ముంబయిలోనూ చిట్టగాంగ్‌లోనూ భద్రపరిచారు.

ఈ చరిత్రలో దాతలు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కలిసి నడవడం వల్ల ఎక్కువమంది క్షేమంగా ఒడ్డు చేరారు. కానీ కలిసి నడిచినంత మాత్రాన పడిపోయినవాడికి సాయం దానంతటదే అందలేదు. ఎవరో ఒకరు ఆగుతారులే అనుకున్న రోజుల్లో ఆగినవాళ్లు అరుదు. పడవ, వల, పడక, వైద్యుడు ఆపదకు ముందే సిద్ధం చేసి, ఇదే నీ పని అని ఒక ఓడకు అప్పగించాకే నీళ్లలో ఉన్నవాడికి చేయి అందింది. మామూలు రోజుల్లో మనమిచ్చే చందా చేసే పనీ అదే. ఇంటి పెద్ద పోయిన కుటుంబం, చదువు ఆగిపోయిన పిల్లవాడు, ఆసుపత్రి ఖర్చుకు తడబడే రోగి మన తలుపు తట్టే రోజు ముందుగా తెలియదు. ఆ రోజుకు ఓడ సిద్ధంగా ఉండాలి.