నియాండర్ లోయ బడిపంతులు

మనము నియాండర్తల్ మానవుడని పిలుచు ప్రాచీన జాతి ఉనికిని లోకమునకు తెలిపిన వారిలో ఒకడు జర్మనీ దేశపు బడిపంతులు. ఎల్బర్‌ఫెల్డ్ పట్టణమున పాఠములు చెప్పుచు, ఆ ప్రాంతపు శిలలను, గుహలను పరిశీలించుచుండిన యోహాన్ కార్ల్ ఫూల్‌రాట్ (1803–1877) ఆయన.

1856లో నియాండర్ లోయలో సున్నపురాయి త్రవ్వు పనివారికి ఒక గుహలో ఎముకలు దొరకినవి. అవి ఎలుగుబంటివని తలచిరి. ఫూల్‌రాట్ వానిని పరీక్షించి, అవి అతిప్రాచీన మానవునివని గ్రహించెను. 1857లో బాన్ నగరపు శరీరశాస్త్రజ్ఞుడు షాఫ్‌హౌజెన్‌తో కలిసి ఆ సంగతిని పండితులకు విన్నవించెను. పలువురు సమ్మతింపలేదు. 1872లో విఖ్యాత వైద్యుడు విర్హో అవి రోగపీడితుని ఎముకలనెను.

1886లో బెల్జియమునందలి స్పీ గుహలో అట్టి ఎముకలే బయల్పడగా ఫూల్‌రాట్ మాట నిలిచినది. అప్పటికి ఆయన గతించి తొమ్మిదేండ్లు. ఆయన కాపాడిన ఎముకలను నేడు బాన్ మ్యూజియములో మనము చూడవచ్చును.