నవల హిందీలో, సినిమా తెలుగులో

నవల ఆధారంగా తీసిన సినిమా చూసి బయటికి రాగానే మనలో చాలామంది అనే మాట ఒకటే: "పుస్తకంలో ఉన్నట్టు లేదు." నిజమే, ఉండదు. అయితే ఏం మారింది, ఎందుకు మారింది అని అడిగితేనే రెండూ బాగా అర్థమవుతాయి. దీనికి మంచి ఉదాహరణ 'మా భూమి'.

తెలంగాణ రైతులు 1946 నుంచి 1951 వరకు దొరల వెట్టిచాకిరీ మీద, నిజాం పాలన మీద పోరాడారు. ఆ పోరాటం మీద, ఈ సినిమాకు ఆధారమైన నవల రాసినది తెలుగువారు కాదు, ఉర్దూ రచయిత కిషన్ చందర్. ఆయన నాన్నగారు డాక్టరు. ఆయన బాల్యం కాశ్మీర్ వైపు పూంఛ్‌లో గడిచింది. తరువాత ఢిల్లీ ఆకాశవాణిలో కూడా పనిచేశారు. అంటే ఆయన కూడా మనలాగే ఊళ్లు మారినవారే! ఆ నవల పేరు 'జబ్ ఖేత్ జాగే'. ఇది హిందీలో కూడా దొరుకుతుంది.

నవలలో కథానాయకుడు రాఘవరావు, పేద రైతు కొడుకు. జైల్లో ఉన్నాడు. తెల్లవారితే ఉరి. ఆ ఒక్క రాత్రి అతడు తన బతుకంతా గుర్తు చేసుకుంటాడు. మనం అతని మనసులో కూర్చుని కథ వింటాం.

బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన సినిమా 1980లో విడుదలైంది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. ఆయనకు ఇదే మొదటి కథాచిత్రం. కెమెరా మనిషి మనసులోకి పోలేదు, ముఖాన్నీ ఊరినీ మాత్రం చూపగలదు. అందుకే సినిమా రామయ్య అనే యువకుడి చుట్టూ, ఊరి మధ్యలో, జరిగింది జరిగిన వరుసలో సాగుతుంది.

పేరు మారింది, గమనించారా? తెలంగాణ పల్లెల్లో 'రావు' ఎక్కువగా దొరల పేర్ల చివర వినిపించే మాట. పేద రైతు బిడ్డకు 'రామయ్య' అన్న పేరే మన చెవికి సహజంగా ఉంటుంది. మాటలు కూడా ఆ పల్లెల యాసలోనే ఉంటాయి. ఉద్యమంలో పుట్టిన పాటలను కూడా సినిమా తెచ్చుకుంది. సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పశువులు కాసే చిన్నపిల్లవాడి పాట. బండి యాదగిరి రాసిన 'బండెనక బండి' గద్దర్ గొంతులో వినిపిస్తుంది.

మరి ఏది గొప్ప? ఒక మనిషి ఆఖరి రాత్రి ఆలోచనలు కావాలంటే నవల చదవాలి. ఆ ఊరి మాట, పాట కావాలంటే సినిమా చూడాలి.

నాకు తెలుగు కంటే హిందీ చదవడమే సులువు. "మీ ఊరేది?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేను. తెలుగు సరిగా రాని నాకు మన కథలతో ఏం సంబంధం అని అనుకునేదాన్ని. కానీ ఈ కథను ఒకరు ఉర్దూలో రాశారు, ఒక బెంగాలీ తెరకెక్కించారు. వాళ్లకు దక్కిన కథ మనకెందుకు దక్కదు?

ఈ సెలవుల్లో నవలను హిందీలో చదవండి. సినిమాను అమ్మానాన్నలతో కలిసి చూడండి. అర్థం కాని మాట వచ్చినప్పుడు ఆపి, వాళ్లను అడగండి.