గంజాయి మెదడును కాపాడుతుందా? హెచ్‌ఐవీ లెక్కల్లో అసలు సంగతి

ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి చెన్నై వైపు వెళ్లే ప్రధాన దారులు రెండు: 16వ నంబరు జాతీయ రహదారి, విజయవాడ-చెన్నై రైలు మార్గం. రెండూ సింగరాయకొండ మీదుగానే పోతాయి. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీకి ఉచితంగా మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంది. ఆ మందులు వాడే మనిషికి గంజాయి అలవాటు కూడా ఉంటే జ్ఞాపకశక్తి ఏమవుతుంది? దెబ్బతింటుందని కొందరు, మెదడుకు మేలేనని కొందరు అంటారు. మేలనేవాళ్లు చూపే అంకె ఒకటుంది: 0.53. దాని సంగతి చూసే ముందు మరో రెండు అంకెలు తెలియాలి.

0.67 శాతం

కేంద్రం 2021లో వేసిన అంచనా ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షల మంది. ఆంధ్రప్రదేశ్‌లో 3.21 లక్షలు, మహారాష్ట్ర తర్వాత మనమే. వయోజనుల్లో వ్యాప్తి దేశమంతటా 0.21 శాతం ఉంటే మన రాష్ట్రంలో 0.67 శాతం, అంటే మూడు రెట్లకు పైనే. గంజాయి విషయానికొస్తే, ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వారిలో 2.8 శాతం, దాదాపు 3.1 కోట్ల మంది, అంతకు ముందు ఏడాదిలో గంజాయో భంగో చరసో వాడారని అది తేల్చింది.

100లో 47

హెచ్‌ఐవీ ఒంట్లో చేరిన తొలి వారాల్లోనే మెదడును చేరగలదు. అక్కడ కలిగే వాపు వల్ల ఆలోచనలో చురుకు తగ్గడం, మాట గుర్తురాకపోవడం, చేతి పని నెమ్మదించడం వంటివి రావచ్చు. అమెరికాలో ఆరు కేంద్రాల్లో జరిగిన ‘చార్టర్’ అధ్యయనం 2010లో వెలువడింది. మెదడును దెబ్బతీసే ఇతర పెద్ద జబ్బులున్నవారిని పక్కన పెట్టి చూసినా 100లో 47 మందికి ఏదో ఒక స్థాయి లోపం కనిపించింది. కంగారు పడాల్సిన పనిలేదు. అందులో 33 మందిది పరీక్షలో తప్ప రోజువారీ జీవితంలో బయటపడనిది. 12 మందికి స్వల్పంగా ఇబ్బంది, తీవ్ర మతిభ్రంశం ఇద్దరికే. పైగా ఈ కొలబద్ద పెట్టి చూస్తే హెచ్‌ఐవీ లేనివారిలోనూ సుమారు 20 శాతం మంది ‘లోపం’ జాబితాలోకి వస్తారని విమర్శకులు లెక్కగట్టారు.

0.53

శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు హెచ్‌ఐవీ ఉన్న 679 మందినీ, లేని 273 మందినీ పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో గంజాయి వాడినవాళ్లకు మేధో లోపం తక్కువగా కనిపించింది. ఆ తేడా కొలతే 0.53. హెచ్‌ఐవీ లేనివారిలో ఇలాంటి తేడా ఏమీ లేదు.

ముందుగా, 0.53 అంటే ముప్పు సగమైందని కాదు. ఉదాహరణకు, గంజాయి జోలికి పోని 100 మందిలో 50 మందికి లోపం ఉంది, 50 మందికి లేదు అనుకుందాం. ఉన్నవాళ్లను లేనివాళ్లతో భాగిస్తే 1. దాన్ని 0.53తో గుణించి మళ్లీ నూటికి మారిస్తే వాడినవాళ్లలో 35 మంది అవుతారు. అంటే 50 నుంచి 35కు తగ్గినట్టు, 25కు కాదు.

అంతకన్నా ముఖ్యం, ఇది ఒకే సమయంలో తీసిన లెక్క. ఎరువు వేసిన చేలో మిర్చి విరగకాసిందంటే అది ఎరువు గొప్పా, నేల గొప్పా? ఆరోగ్యం బాగున్నవాళ్లే గంజాయి వైపు వెళ్లి ఉండొచ్చు, ఒంట్లో బాగోలేనివాళ్లు మానేసి ఉండొచ్చు. ఎక్కువగా వాడేవారిలో జ్ఞాపకశక్తి తగ్గిందని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. హెచ్‌ఐవీ సంగతి పక్కన పెట్టినా, న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. ఏళ్ల తరబడి గంజాయి వదలనివారికి చిన్ననాటితో పోలిస్తే 45 ఏళ్లకు ఐక్యూ సగటున 5.5 పాయింట్లు పడిపోయింది.

గుర్తుపెట్టుకోవాల్సినవి: 30, 47

చార్టర్ అధ్యయనంలోనే అంతగా ప్రచారంలోకి రాని అంకె మరొకటుంది. ఇతర జబ్బులు పెద్దగా లేనివారిలో, రక్తంలో వైరస్ కనిపించకుండా, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎప్పుడూ 200 కంటే పడిపోకుండా ఉన్నవాళ్లలో లోపం 30 శాతమే. మిగతావాళ్లలో 47. పరీక్ష తొందరగా చేయించుకుని మందు ఆపకుండా వాడటానికీ, మతికీ ఉన్న సంబంధం ఇక్కడ కనిపిస్తుంది. మత్తులో ఉన్నంతసేపు కొత్త విషయం బుర్రలో సరిగా నిలవదన్నది మాత్రం తిరుగులేని మాట. రోజుకో మాత్ర వేళకు వేసుకోవాల్సిన మనిషికి అసలు చిక్కు అదే. పైగా ఆ పొగలో పొగాకు కూడా కలిస్తే క్షయ ముప్పు పెరుగుతుంది.

12కు 10

మతిమరుపు అనుమానం ఉంటే చదువురానివారికీ చేయగలిగే చిన్న పరీక్ష ఒకటుంది. నాలుగు మాటలు చెప్పి గుర్తుంచుకోమంటారు: కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు వీలైనంత వేగంగా తాకించాలి. 5 సెకన్లలో 15 సార్లు తాకిస్తే పూర్తి 4 మార్కులు. పిడికిలి, అరచేయి, చేతి అంచు వరుసగా బల్ల మీద పెట్టాలి. 10 సెకన్లలో నాలుగు వరుసలకు 4. చివర్లో ఆ నాలుగు మాటలు అప్పజెప్పాలి, మాటకో మార్కు. 12కు 10 లేదా అంతకు తక్కువ వస్తే జబ్బుందని కాదు, డాక్టరు మరింత లోతుగా చూడాలని.

గంజాయి అలవాటుంటే ఏఆర్‌టీ కౌన్సెలర్‌కు దాచకుండా చెప్పడం మంచిది. మానాలనుకుంటే 14446కు, హెచ్‌ఐవీ సందేహాలకు 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మందులు కుదురుకున్నాక, రక్తంలో వైరస్ ఎంతుందో చూపే వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికోసారి ఉచితంగా చేస్తారు. మీది ఎప్పుడు చేశారో గుర్తులేకపోతే ఈ నెల మందులకు వెళ్లినప్పుడే అడగండి. మీ మెదడు గురించి 0.53 కంటే ఆ పరీక్ష ఫలితం కాగితమే ఎక్కువ చెబుతుంది.