అపనిందకు గీసిన ముఖం

జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో 1923లో యూలియస్ ష్ట్రైఖర్ అనే బడిపంతులు 'డెర్ ష్టుర్మర్' అనే వారపత్రికను ప్రారంభించాడు. యూదులపై ద్వేషం రేపటమే దాని పని. 1925 చివర 'ఫిప్స్' అనే మారుపేరుతో ఫిలిప్ రుప్రెఖ్ట్ అందులో చేరాడు. 1945లో పత్రిక ఆగిపోయేవరకు దాని ముఖ్య చిత్రకారుడు అతడే.

వ్యంగ్యచిత్రాలు జర్మనులకు కొత్తవి కావు. కైసర్ విల్హెల్మ్ 1898లో చేసిన పాలస్తీనా యాత్రను 'సింప్లిసిసిమస్' పత్రికలో ఎగతాళి చేసినందుకు చిత్రకారుడు హైనె జైలుకు వెళ్లాడు. (యూద కుటుంబంలో పుట్టిన ఆ హైనెయే 1933లో దేశం విడిచి పారిపోవలసివచ్చింది.) అక్కడ పరిహాసానికి గురైనది ఒక వ్యక్తి, అతడు చేసిన పని. ఫిప్స్ బొమ్మల్లో వ్యక్తి వుండడు. వారం వారం అదే వంకర ముక్కు, అవే లావు పెదవులు. కొన్ని బొమ్మల్లో ఆ మనిషి రూపం కూడా పోయి సాలెపురుగు, పాము ప్రత్యక్షమయ్యేవి. 1938లో అతడే బొమ్మలు వేసిన పిల్లల పుస్తకంలో యూదులను విషపు పుట్టగొడుగులతో పోల్చారు.

బొమ్మ వాదించనక్కరలేదు. పెట్టుబడిదారూ యూదుడే, బోల్షివిక్కూ యూదుడే అని వ్యాసంలో వ్రాస్తే, అదెలాగని పాఠకుడు అడగవచ్చు. యుద్ధకాలపు బొమ్మల్లో చర్చిల్ వెనుకా స్టాలిన్ వెనుకా అదే ముఖం కనిపిస్తే ఆ ప్రశ్నకు చోటే లేదు. పత్రిక కొననివారు కూడా చూడాలని వీధి కూడళ్లలో అద్దాల పెట్టెల్లో పెట్టారు. 1936 ఒలింపిక్ క్రీడలకు విదేశీయులు వస్తున్నారని బెర్లిన్‌లో కొన్నాళ్లు దాన్ని కనబడకుండా చేశారు. అది సిగ్గుపడవలసిన వస్తువని వారికి తెలుసునన్నమాట!

1934 మేలో వెలువడిన ప్రత్యేక సంచికను మనం ప్రత్యేకంగా గమనించాలి. యూదులు క్రైస్తవ పిల్లలను చంపి ఆ రక్తాన్ని మతకార్యాలకు వాడతారన్నది అందులోని ఆరోపణ. ఇది 12వ శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన అపనింద. 1840లో డమాస్కస్‌లో ఒక పాదిరీ అదృశ్యమైనప్పుడు అదే నింద రేగింది. ఫ్రెంచి కాన్సల్ ప్రోద్బలంతో గవర్నరు షరీఫ్ పాషా యూదులను చిత్రహింసలు పెట్టించాడు. అదే ఏడు ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఫర్మానా జారీచేశాడు. యూదుల గ్రంథాలను పరిశీలింపజేశామనీ, వారికి జంతువుల రక్తమే నిషిద్ధమనీ, ఇది కేవలం అపనింద అనీ అందులో ప్రకటించాడు. ఖలీఫా కొట్టివేసిన అబద్ధాన్నే 94 ఏళ్ల తర్వాత ష్టుర్మర్ మళ్లీ అచ్చువేసింది.

అనువాదకుడినైన నన్ను కలవరపెట్టేది ఒకటున్నది. బొమ్మకు అనువాదం అక్కరలేదు. అది సునాయాసంగా సరిహద్దు దాటుతుంది. 1948 తర్వాత కొన్ని అరబ్బీ పత్రికలు ఆ ముఖాన్నే అరువు తెచ్చుకొన్నాయి. పాలస్తీనీయులకు జరిగిన అన్యాయం నిజం. దాన్ని చెప్పటానికి దేర్ యాసీన్ వంటి ఊళ్ల పేర్లు, తేదీలు వున్నాయి. న్యూరెంబర్గ్ ముక్కుతో మనకేమి పని? ఒక జనంపై కోపం వున్నా న్యాయం తప్పరాదన్న మాయిదా సూరా 8వ ఆయతు ఆజ్ఞ మన పత్రికలకూ వర్తిస్తుంది.

ష్ట్రైఖర్‌ను న్యూరెంబర్గ్‌లోనే విచారించారు. 60 లక్షల యూదుల సంహారానికి తన మాటలతో, వ్రాతలతో జనాన్ని పురికొల్పిన నేరానికి 1946 అక్టోబరు 16న ఉరితీశారు. రుప్రెఖ్ట్‌కు జైలుశిక్ష పడింది. 1950లో విడుదలై, 1975 వరకు బ్రతికాడు.